రాజశేఖర చరిత్రము: మూలవిచారము, గుణవిచారము

కల్పితకథను విమర్శింపబూనినవాడు రెండు ప్రశ్నల వేసికొనవలెను. ఈ కథ యెక్కడనుండి వచ్చినది? వచ్చి యేమైనది? మొదటిది మూలవిచారము, రెండవది గుణవిచారము. కందుకూరి వీరేశలింగము పంతులుగారి రాజశేఖర చరిత్రము విషయమున మొదటిదానిపై జరిగిన వాదము రెండవదానిని చాలకాలము మరుగుపఱచినది.

ఈ గ్రంథము 1878వ సంవత్సరమున వివేకవర్ధనీ పత్రికలో వెలువడ నారంభించి, 1880లో పుస్తకరూపము దాల్చెను. హచిన్సను దొర చేసిన యాంగ్లానువాదము 1887లో లండనున నచ్చయ్యెను. నరహరి గోపాలకృష్ణమ సెట్టిగారి శ్రీరంగరాజ చరిత్రము 1872 నాటిది యగుటచే, తెలుగున తొలినవల యేదియను వివాద మొకటి పుట్టినది. గోల్డుస్మిత్తు 1766లో ప్రకటించిన వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డునకు పంతులుగారి గ్రంథ మనుకరణమా, స్వతంత్రమా యనునది మఱియొక వివాదము. కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రిగారు దీనిపై తీవ్రవిమర్శనము గావించిరి. నవల యను పేరు వారివలననే వాడుకలోనికి వచ్చినదని చెప్పుదురు.

పోలికలు కలవనుట నిర్వివాదము. అచ్చట ప్రింరోజు అను మతాచార్యుడు, ఇచ్చట ధవళేశ్వరపు రాజశేఖరుడు. ఇరువురును సంపన్నులై యుండి దరిద్రులగుదురు, చెఱసాల పాలగుదురు. మరణించినదనుకొన్న కూతురు ఇరువురకును మరల లభించును. అచ్చట బర్చెలను పేర తిరుగువాడు తుదకు థారన్‌హిల్ ప్రభువుగా తేలును. ఇచ్చట రామరాజు పెద్దాపుర ప్రభువైన కృష్ణజగపతి మహారాజుగా బయలుపడును. పోలికలను లెక్కించి యింతటితో విరమించినచో విమర్శ ముగిసినట్లే తోచును. కాని యసలు విషయ మిచ్చటనే మొదలగుచున్నది.

ప్రింరోజు ధనము పోవుటకు కారణ మతడు కాడు. సొమ్ము దాచినవర్తకుడు పాఱిపోవును. కావున నా కథ నిర్దోషియైన భక్తునకు వచ్చిన పరీక్ష; అందలి ప్రధానగుణము సహనము. రాజశేఖరుడట్లు కాదు. ముఖస్తుతులకు లొంగి, శకునములను, మంత్రతంత్రములను నమ్మి, బంగారము చేసియిత్తునన్న బైరాగికి ఇంటనున్న వెండిబంగారముల నప్పగించి, తన చేతులతోనే చెడును. ఈ యొక్క మార్పుచే కథ ధర్మమే మాఱినది. ఇది సహనకథ కాదు, అవివేకకథ. గ్రంథమునకు వివేకచంద్రిక యను రెండవ పేరుంచుట యూరక జరిగినది కాదు. వితంతువుల దుఃఖమునకును, మూఢవిశ్వాసములకును విరుద్ధముగా పోరాడిన సంస్కర్తకు కావలసిన కథ యిదియే.

అయినను దోషమును దాచరాదు. తన యవివేకముచే చెడినవాడు వివేకముచే బాగుపడినప్పుడే కథ పూర్ణమగును. ఇచ్చట రాజశేఖరుని కష్టములు తీఱుటకు ముఖ్యకారణము మాఱువేషపు రాజుయొక్క యనుగ్రహము. దైవముపై భారము వేసిన ప్రింరోజు కథకు అట్టి ముగింపు తగును. రాజశేఖరుని కథకు తగదు. ఆరంభమును తనదిగా మార్చికొన్న గ్రంథకర్త ముగింపును మాత్రము ఎరవు సొమ్ముగనే యుంచెను. ఆ యతుకు స్పష్టముగ కానవచ్చుచున్నది.

ఈ గ్రంథమునకు మూలవిచారము చేయదగిన నిజమైన యుపకారము ఈ యతుకును చూపుటయే. గోల్డుస్మిత్తు గ్రంథమును ప్రక్కనుంచుకొని చదువనిచో పంతులుగారు చేసిన మార్పు యెంత గొప్పదో, చేయక విడిచిన మార్పెట్టిదో రెండును తెలియవు. పోలికలను మాత్రమే చూచువారు గ్రంథకర్తను చోరుని చేయుదురు. వానిని చూడనొల్లనివారు సృష్టికర్తను చేయుదురు. ఇరువురును గ్రంథమును చదువనివారే. తెలుగు వచనకథ తన నడకను తాను నేర్చుకొనుచున్న కాలపు గ్రంథమునకు పొగడ్తయు నిందయు గాక, పరిశీలన మర్యాద.