ఒక చెత్తడబ్బా, ఒక చవక పుస్తకం

1968 సెప్టెంబరు 7. న్యూజెర్సీ రాష్ట్రం, అట్లాంటిక్ సిటీ సముద్రతీరం. కన్వెన్షన్ హాలులో మిస్ అమెరికా పోటీ జరుగుతోంది. బయట, చెక్కలు పరిచిన నడకదారి మీద కొందరు స్త్రీలు ఒక చెత్తడబ్బా పెట్టి దానికి 'స్వేచ్ఛా చెత్తడబ్బా' అని పేరు పెట్టారు. బ్రాలు, నడుము బిగించే గర్డిళ్ళు, ఎత్తు మడమల చెప్పులు, అతికించుకునే కనురెప్ప వెంట్రుకలు, జుట్టు చుట్టుకునే కర్లర్లు, కొన్ని పత్రికలు ఒక్కొక్కటిగా అందులో వేశారు. ఒక గొర్రెకు కిరీటం పెట్టారు. హాలు లోపల బాల్కనీ మీదినుంచి 'స్త్రీ విముక్తి' అని రాసిన పెద్ద బట్టను కిందికి వదిలారు.

ఈ సంఘటన చరిత్రలో మిగిలింది మాత్రం 'బ్రాలు తగలబెట్టిన ఆడవాళ్ళు' అన్న మాటగానే. నిజానికి ఆ రోజు అక్కడ ఏదీ కాలలేదు. చెక్కదారి మీద నిప్పు పెట్టడానికి నగర అధికారులు ఒప్పుకోలేదు. వియత్నాం యుద్ధానికి వెళ్ళమంటూ సైనిక కార్డులు తగలబెడుతున్న యువకులతో ఈ స్త్రీలను పోలుస్తూ ఒక పత్రిక రాసిన కథనం నుంచి ఆ కల్పిత మంట పుట్టింది. యాభై ఏళ్ళు దాటినా అది ఆరలేదు. నిరసనకారుల కరపత్రంలోని పది అభ్యంతరాల సంగతి మాత్రం ఎవరికీ గుర్తులేదు. పోటీ వెనక ఉన్న జాతి వివక్ష, గెలిచిన అమ్మాయిని యుద్ధరంగంలోని సైనికుల వినోదానికి పంపడం, ఆమెను సరుకులమ్మే బొమ్మగా మార్చడం ఆ పదిలో ఉన్నాయి.

నిరసన నిర్వాహకుల్లో ఒకరైన కేరల్ హానిష్, కొద్ది వారాలకే, అదే ఏడాది నవంబరులో, తమ నిరసన మీద తానే విమర్శ రాసింది. కొన్ని నినాదాలు పోటీలో పాల్గొన్న అమ్మాయిలనే శత్రువులుగా చూపాయని, అందం వల్ల బాధపడేవాళ్ళలో అందగత్తెలు కూడా ఉన్నారన్న సంగతి మరుగున పడిందని ఆమె ఆవేదన. స్త్రీవాదం అందాన్ని ద్వేషిస్తుందన్న అపవాదుకు మొదటి జవాబు ఉద్యమం లోపలినుంచే వచ్చింది. అలంకరించుకోవడం తప్పని ఎవరూ అనలేదు. అలంకరించుకోకపోతే చెల్లని స్థితిని మాత్రమే ప్రశ్నించారు.

అదే రాత్రి అదే ఊళ్ళో మరో పోటీ కూడా జరిగింది. 1921లో మొదలైన మిస్ అమెరికా పోటీలో అప్పటివరకు ఒక్క నల్లజాతి అమ్మాయి కూడా పాల్గొనలేదు. ఒకప్పుడు అభ్యర్థులు శ్వేతజాతివారై ఉండాలని లిఖితపూర్వక నియమమే ఉండేది. దానికి జవాబుగా మొదటి మిస్ బ్లాక్ అమెరికా పోటీ పెట్టారు. ఒక వీధిలో స్త్రీలు కిరీటమే వద్దన్నారు. మరో వీధిలో స్త్రీలు ఆ కిరీటం మా తలకెందుకు రాదన్నారు. రెండు వాదాలూ న్యాయమైనవే. ఉద్యమ చరిత్రలో తర్వాత వచ్చిన చిక్కులన్నీ ఈ రెండు వీధుల మధ్య దూరంలోనే కనిపిస్తాయి.

అందాల పోటీకీ గర్భనిరోధానికీ ఏమిటి సంబంధం? అట్లాంటిక్ సిటీ ఘటన జరిగిన ఎనిమిది నెలలకు, 1969 మేలో, బోస్టన్‌లోని ఇమ్మాన్యుయేల్ కళాశాలలో స్త్రీల సదస్సు ఒకటి జరిగింది. అందులో 'స్త్రీలు, వారి శరీరాలు' అన్న విషయం మీద కొద్దిమంది ఒక గదిలో కూర్చున్నారు. తమ మాట వినే మంచి వైద్యుల జాబితా తయారు చేయాలనుకున్నారు. జాబితా తయారు కాలేదు. తమ దేహం గురించి తమకు ఎంత తక్కువ తెలుసో మాత్రం తేలింది. అప్పుడు ఒక్కొక్కరు ఒక్కో విషయం తీసుకుని వైద్య గ్రంథాలయాలకు వెళ్ళి చదివారు. చదివినదానికి తమ అనుభవాలు జోడించి రాశారు.

ఆ రాతల కాలాన్ని గుర్తుంచుకోవాలి. 1873 నాటి కామ్‌స్టాక్ చట్టం గర్భనిరోధక సాధనాలనే కాదు, వాటి గురించిన సమాచారాన్ని కూడా అశ్లీలంగా పరిగణించి తపాలాలో పంపడాన్ని నిషేధించింది. 1916 అక్టోబరులో మార్గరెట్ శాంగర్ న్యూయార్క్‌లోని బ్రౌన్స్‌విల్ పేటలో క్లినిక్ తెరిస్తే కొద్ది రోజుల్లోనే పోలీసులు మూయించారు. ఆమె ముప్ఫై రోజులు జైలులో గడిపింది. దంపతులకు గర్భనిరోధకాలు వాడుకునే హక్కు ఉందని సుప్రీంకోర్టు చెప్పింది 1965లో. బోస్టన్ ఉన్న మసాచుసెట్స్ రాష్ట్రంలో అవివాహితులకు వాటిని ఇవ్వడం 1972 వరకు నేరమే. అబార్షన్ హక్కును గుర్తించిన 'రో' తీర్పు 1973 జనవరి 22న వచ్చింది. అంటే బోస్టన్ స్త్రీలు పుస్తకం రాస్తున్నప్పుడు, అందులోని కొన్ని అధ్యాయాలు చట్టం అంగీకరించని విషయాల గురించినవి.

1970లో ఆ రాతలు చవక న్యూస్‌ప్రింట్ మీద 193 పేజీల పుస్తకంగా, 75 సెంట్ల ధరకు వచ్చాయి. మరుసటి ఏడాది దాని పేరు 'అవర్ బాడీస్, అవర్‌సెల్వ్స్'గా మారింది. 1973లో పెద్ద ప్రచురణ సంస్థ దాన్ని తీసుకుంది. తర్వాత ముప్ఫైకి పైగా భాషల్లోకి వెళ్ళింది. అందులో అందం, లైంగికత, గర్భనిరోధం, అబార్షన్, ప్రసవం ఒకే అట్టల మధ్య ఉన్నాయి. అద్దం ముందు తన శరీరాన్ని చూసి సిగ్గుపడే స్త్రీ, వైద్యుని ఎదుట ప్రశ్న అడగలేని స్త్రీ ఒకరేనని ఆ కూర్పు చెప్పకనే చెప్పింది. తన దేహాన్ని ఇతరుల కళ్ళతో చూడడం అలవాటైన మనిషికి, దాని గురించి నిర్ణయం తీసుకునే నోరు సులభంగా రాదు.

ఆ పుస్తకం వెలువడిన 1970లోనే వాషింగ్టన్‌లో మరో ఘట్టం జరిగింది. 1960లో అనుమతి పొందిన గర్భనిరోధక మాత్రను అప్పటికి లక్షలాది స్త్రీలు వాడుతున్నారు. స్త్రీ స్వేచ్ఛకు అంతకు మించిన సాధనం రాలేదన్నది నిజమే. కానీ తొలినాటి మాత్రలో ఈస్ట్రోజెన్ మోతాదు నేటి మాత్రలకు కొన్ని రెట్లు. రక్తనాళాల్లో గడ్డలు కట్టే ప్రమాదం గురించి వాడేవారికి ఎవరూ చెప్పలేదు. 1969లో బార్బరా సీమన్ ఈ విషయం మీద ఒక పుస్తకం రాసింది. దాని ప్రభావంతో సెనేటర్ గేలార్డ్ నెల్సన్ విచారణలు ఏర్పాటు చేశారు. సాక్ష్యమివ్వడానికి వైద్యులను, శాస్త్రజ్ఞులను పిలిచారు. మాత్ర మింగే స్త్రీలను మాత్రం ఒక్కరినీ పిలవలేదు. ప్రేక్షకుల్లో కూర్చున్న అలిస్ వుల్ఫ్‌సన్, ఆమె మిత్రులు లేచి, మా మీద ప్రయోగం చేస్తూ మమ్మల్ని అడగరేమని నిలదీశారు. వారిని బయటికి పంపించారు. అయినా ఆ ఏడాదే మాత్రల పెట్టెలో రోగి చదువుకునే హెచ్చరిక పత్రం పెట్టాలన్న నియమం వచ్చింది. ఇవాళ ఆ చిన్న కాగితాన్ని చదవకుండానే పారేసేవారికి అది ఎవరి అరుపుల వల్ల వచ్చిందో తెలియదు.

ఆ స్త్రీలు అడిగింది మాత్రను నిషేధించమని కాదు, నిజం చెప్పమని. ఈ తేడా పోగొట్టుకున్నచోటల్లా పునరుత్పత్తి స్వేచ్ఛ అన్న మాట తలకిందులైంది. ఆ మాత్రను పెద్ద ఎత్తున మొదట పరీక్షించింది 1956 నుంచి ప్యూర్టోరికో పేద స్త్రీల మీద. 1973లో అలబామాలోని మాంట్‌గొమరీలో పన్నెండు, పద్నాలుగేళ్ళ ఇద్దరు నల్లజాతి అక్కచెల్లెళ్ళకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేశారు. చదువురాని తల్లి, అది ఏమిటో తెలియక కాగితం మీద గుర్తు పెట్టింది. శ్వేత మధ్యతరగతి స్త్రీ 'పిల్లలు వద్దనుకునే హక్కు' కోసం పోరాడుతున్న కాలంలోనే నల్లజాతి పేద స్త్రీకి 'పిల్లలు కావాలనుకునే హక్కు' లేకపోయింది. డొరొతీ రాబర్ట్స్ 1997 నాటి 'కిల్లింగ్ ద బ్లాక్ బాడీ'లో ఈ చరిత్రను బానిసత్వ కాలం నుంచి తవ్వి చూపింది. శాంగర్‌కు సుజననవాదులతో ఉన్న పొత్తును కూడా ఆమె దాచలేదు.

తెలుగు నేలకు ఈ కథ పుస్తకం రూపంలో రాకముందే ఇంజెక్షన్ రూపంలో వచ్చింది. 1985లో హైదరాబాదుకు దగ్గరలోని పటాన్‌చెరులో, ప్రభుత్వ పరిశోధనలో భాగంగా, 'నెట్-ఎన్' అనే గర్భనిరోధక ఇంజెక్షన్ ఇవ్వడానికి పల్లె స్త్రీలను పిలిపించారు. అది పరీక్షా దశలో ఉన్న మందని, నెలసరి క్రమం తప్పవచ్చునని వారికి తెలియదు. హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటన సభ్యులు అక్కడికి వెళ్ళి ప్రశ్నలు వేశారు. 1986లో ఆ సంస్థ, ఢిల్లీలోని సహేలీ తదితర బృందాలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఇంజెక్షన్ ఏదైనా సరే చెడ్డదని తేల్చడం వైద్యశాస్త్రానికి న్యాయం కాదు. ఆ కోవకే చెందిన మరో ఇంజెక్షన్‌ను 2017 నుంచి భారత ప్రభుత్వం 'అంతర' పేరుతో ఇస్తోంది, కొందరు స్త్రీలు దాన్ని కోరి తీసుకుంటున్నారు. పటాన్‌చెరులో తప్పు సూదిది కాదు. చేయి చాపే ముందు ఆ చేతి యజమానికి సంగతి చెప్పకపోవడం తప్పు.

1991లో హైదరాబాదు స్త్రీల బృందం బోస్టన్ పుస్తకం స్ఫూర్తితో 'సవాలక్ష సందేహాలు' తెచ్చింది. అది అనువాదం కాదు. రక్తహీనత, తెల్లబట్ట, మంత్రసాని, కుటుంబ నియంత్రణ శిబిరాల నడుమ బతికే స్త్రీల కోసం కొత్తగా రాసుకున్న పుస్తకం. ఆ కాలంలోనే తెలుగు కవిత్వంలో ఈ రెండు పాయలూ కలిశాయి. జయప్రభ పైటను గురించి, కొండేపూడి నిర్మల ప్రసవపు గదిని గురించి, పాటిబండ్ల రజని అబార్షన్‌ను గురించి రాశారు. ఇదేం కవిత్వమని ముక్కున వేలేసుకున్న విమర్శకులకు అట్లాంటిక్ సిటీ పత్రికలవారు దూరపు చుట్టాలు. వాళ్ళూ వాదనను వదిలి బట్టను పట్టుకున్నారు.

హక్కులు వచ్చాక అందం ఒత్తిడి తగ్గిందా? 1990లో వచ్చిన నవోమీ వుల్ఫ్ 'ద బ్యూటీ మిత్' తగ్గలేదంటుంది. చట్టం పట్టు సడలినకొద్దీ అద్దం పట్టు బిగిసిందన్నది ఆమె ప్రతిపాదన. అందులో పెద్ద పొరపాటు కూడా ఉంది. అమెరికాలో ఏటా లక్షా యాభై వేలమంది అనొరెక్సియాతో చనిపోతున్నారని మొదటి ముద్రణలో రాసింది. అది ఆ వ్యాధితో బాధపడుతున్నవారి అంచనా, మరణాల సంఖ్య కాదు. తర్వాత సవరించింది. నిజం చెప్పమని వైద్యులను నిలదీసిన ఉద్యమానికి తన అంకెల పట్ల కూడా అంతే పట్టుదల ఉండాలి. కానీ అంకె తప్పినంత మాత్రాన ప్రశ్న తప్పిపోదు.

ఆ ప్రశ్న 2013 సెప్టెంబరులో తెలుగు ఇంటి గుమ్మం ముందుకు వచ్చింది. తెలుగు కుటుంబంలో పుట్టిన నీనా దావులూరి అట్లాంటిక్ సిటీలో, నలభై అయిదేళ్ళ క్రితం చెత్తడబ్బా పెట్టిన ఆ ఊళ్ళోనే, మిస్ అమెరికా కిరీటం అందుకుంది. ఆమె అమెరికన్ కాదని కొందరు అమెరికన్లు తిట్టారు. ఈ రంగుతో ఇండియాలో గెలిచేది కాదని ఇక్కడివాళ్ళే అన్నారు. ఆ రెండో మాట అన్నవారిలో చాలామందికి అది నిజమని బాధ ఉంది, కొందరికి లేదు. 1975లో మార్కెట్లోకి వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ తన పేరులోంచి 'ఫెయిర్'ను తీసేసింది 2020లో. పెళ్ళి ప్రకటనల్లోంచి 'తెల్లగా, సన్నగా' అన్న మాటలను తీసేయడానికి ఏ కంపెనీ నిర్ణయమూ సరిపోదు.

2022 జూన్ 24న అమెరికా సుప్రీంకోర్టు 'రో' తీర్పును కొట్టివేసింది. అదే ఏడాది సెప్టెంబరు 29న భారత సుప్రీంకోర్టు, ఇరవై నుంచి ఇరవై నాలుగు వారాల గర్భం విషయంలో అవివాహిత స్త్రీని వేరుగా చూడరాదని తీర్పు చెప్పింది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి మురిసిపోవడం సులువు. కానీ భారతదేశపు 1971 చట్టం నేటికీ నిర్ణయాన్ని స్త్రీ కోరిక మీద కాక వైద్యుని అభిప్రాయం మీదే నిలబెట్టింది. బోస్టన్‌లో ఆ గదిలో కూర్చున్న స్త్రీలు వెతికిన జాబితా, తమ మాట వినే వైద్యుల జాబితా, ఇప్పటికీ పూర్తి కాలేదు.