ముగ్గు పరంపర

తాళపత్రమునఁ గల కావ్యము తరతరములు నిలుచును. వాకిటి ముగ్గు మఱునాఁటి వేఁకువకే మాసిపోవును. అయినను బియ్యముతోడను బువ్వులతోడను విన్యాసములు రచించుటను వాత్స్యాయనుఁడు కామసూత్రమునందు చతుష్షష్టి కళలలోఁ జేర్చెను. ఇట్టి కళకు నిలుకడ యెట్లు గలిగెను? తల్లిచేతిని జూచి బిడ్డ నేర్చుటవలననే. చుక్కలను వరుసఁ దప్పక పెట్టుట మొదటి పాఠము. వానిని గీతలతోఁ గలుపుట రెండవది. చుక్కలచుట్టును మెలికఁ ద్రిప్పుట తుదిది.

మదరాసు క్రైస్తవకళాశాలాచార్యుఁడు గిఫ్ట్ సిరోమణి ప్రభృతులు 1974లోఁ దమిళుల కోలములను బుట్టించు నియమములను గణితవ్యాకరణరీతిని గూర్చిరి. అక్షరము నెఱుఁగని యిల్లాండ్రును ఆ నియమములను వ్రేళ్లయందే నిలిపికొనియుండిరి.

అచ్చుపుస్తకము ముగిసిన రూపమునే చూపును. చేయి యెచట మొదలిడి యెటు మరలెనో చూపదు. కావున ముగ్గును రక్షింపఁదలఁచువారు పటములను సేకరించుటతోఁ దనియక, పిల్లలచేతికిఁ బిండి నొసఁగవలయును.