అరచేతి ఆంప్లిఫయరు, నాలుగు ఓముల స్పీకరు

మా పెద్దలు బోరిగుమ్మలో కుదురుకునే నాటికి ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడ్డాక మనం అటు చేరాం. అయినా మన శ్రీరామనవమి పందిట్లో మైకు తెలుగు మానలేదు. ఈసారి ఆ మైకు గురించే రాయాల్సొచ్చింది. అరచేతిలో ఇమిడే క్లాస్ డి ఆంప్లిఫయరు ఒకటి కొని, మందిరంలో నాలుగు స్పీకర్లు దానికే తగిలిద్దామని మన పిల్లలు అంటున్నారు. ఇంట్లో ఉన్న పాత నాలుగు ఓముల జతకీ అదే చాలదా అని హైదరాబాదు నుంచి ఇంకో మనవడి ప్రశ్న. రెండూ ఒకటే ప్రశ్న కాబట్టి కాస్త వెనక్కి వెళ్ళి చెబుతాం.

వాల్వుల కాలంలో ఓముల గొడవ వినేవాడిదాకా వచ్చేది కాదు. ఆంప్లిఫయరు వెనక 4, 8, 16 అని రాసిన స్క్రూలు ఉండేవి. స్పీకరు ఎన్ని ఓములో చూసి ఆ స్క్రూకి వైరు బిగిస్తే సరి, మిగతా బరువంతా లోపలి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు మోసేది. ఆ పెట్టె ఎత్తడానికి ఇద్దరు ఎందుకు కావలసి వచ్చేదో ఇప్పుడు అర్థమవుతుంది కదా! ట్రాన్సిస్టర్లు వచ్చాక ఆ ఇనుప ముద్ద పోయింది. దానితోపాటే ఓములు తగ్గితే కరెంటు పెరుగుతుందన్న లెక్క నేరుగా ఆంప్లిఫయరు నెత్తిన పడింది. 1980లలో అపోజీ సింటిల్లా అనే స్పీకరు ఒక్క ఓము దాకా దిగి, పేరున్న ఆంప్లిఫయర్లకే చెమటలు పట్టించింది.

క్లాస్ డి కూడా కొత్తదేం కాదు. ఇంగ్లండులో సింక్లెయిర్ కంపెనీ 1964లోనే ఎక్స్-10 పేరుతో కిట్టు అమ్మింది. పది వాట్లని చెప్పినా అంత రాలేదు, అప్పటి ట్రాన్సిస్టర్లకు ఆ వేగం లేదు. కిటుకు తేలికే. మామూలు ఆంప్లిఫయరు సగం తిప్పిన కుళాయిలా పనిచేసి, మిగిలిన శక్తిని వేడిగా పారబోస్తుంది. ఇది కుళాయిని పూర్తిగా తెరిచి పూర్తిగా మూస్తుంది, సెకనుకి లక్షలసార్లు. అందుకే తొంభై శాతం దాకా శక్తి స్పీకరుకే వెళ్తుంది, పెట్టె చిన్నదైపోతుంది. వేగంగా స్విచ్ అయ్యే మాస్‌ఫెట్లు వచ్చాక 1995లో మనవాడే, ఆద్య త్రిపాఠి, అమెరికాలో ట్రైపాత్ కంపెనీ పెట్టి ఈ పద్ధతిని ఒక చిప్పులో కుదించాడు. ఆ కంపెనీ 2007లో దివాలా తీసింది. చిన్న ఆంప్లిఫయర్ల మోజు మాత్రం దానితో పోలేదు.

ఇక లెక్క. 12 వోల్టుల అడాప్టరుతో నడిచే చిన్న పెట్టె, నష్టాలు లేవనుకున్నా, 8 ఓములకు 9 వాట్లు, 4 ఓములకు 18 వాట్లు మించి ఇవ్వలేదు. అంటే 4 ఓముల స్పీకరుతో ఎక్కువ సౌండే వస్తుంది, కానీ కరెంటు రెట్టింపు కావాలి. రెండు చానెళ్ళకీ కలిపి 36 వాట్లు అడిగితే రెండు ఆంపియర్ల అడాప్టరు ఎక్కణ్ణుంచి తెస్తుంది? దాని దగ్గరున్నది 24. పైగా డబ్బా మీది అంకెని యథాతథంగా నమ్మకండి. ట్రైపాత్ టీఏ2024 చిప్పుకి 4 ఓముల దగ్గర 15 వాట్లని రాసేవారు, అది పది శాతం వక్రీకరణతో. శుభ్రంగా వచ్చేది 9 దాకానే. ఇప్పటి టీపీఏ3116 చిప్పు 21 వోల్టులతో 4 ఓములకు చానెల్‌కి 50 వాట్లంటుంది, అదీ పది శాతం లెక్కే. 2 ఓములు కావాలంటే రెండు చానెళ్ళూ కలిపి మోనోగా వాడమని తయారీదారే చెబుతాడు. మా దృష్టిలో జవాబు సగం అక్కడే ఉంది.

ఇంకో చిక్కు ఫిల్టరు. స్విచింగ్ రొదని ఆపడానికి ఆఖర్లో ఒక కాయిలు, కెపాసిటరు పెడతారు. చవక బోర్డుల్లో ఆ జత ఏదో ఒక ఓము విలువకే లెక్క కడతారు. అంతకన్నా తక్కువ ఓముల స్పీకరు తగిలిస్తే తాళాల గలగల, పైస్థాయి స్వరాలు కొంచెం మందగిస్తాయి. ఫిల్టరు తర్వాత నుంచి ఫీడ్‌బ్యాక్ తీసుకునే హైపెక్స్ వంటి మాడ్యూళ్ళలో ఈ తేడా దాదాపు ఉండదు, ధర వేరే సంగతి.

కాబట్టి ఇంట్లోని పాత జతకి చిన్న పెట్టె నిక్షేపంలా సరిపోతుంది. 24 వోల్టులు, 5 ఆంపియర్ల మంచి అడాప్టరు పెట్టండి, మన ముందుగదికి కావలసిన దానికన్నా ఎక్కువే. "4 ఓములు" అని రాసిన స్పీకరు కొన్ని స్వరాల దగ్గర 3 దాకా దిగుతుంది, కనుక గుండీ చివరిదాకా తిప్పకండి.

మందిరం సంగతి వేరు. నాలుగు 8 ఓముల స్పీకర్లనూ సమాంతరంగా కలిపితే 2 ఓములు అవుతుంది. భజన మంచి ఊపులో ఉండగా చిప్పు తనని తాను కాపాడుకోడానికి టక్కున ఆగిపోతుంది. ఆగకపోతే శబ్దం పగిలి, గంటలకొద్దీ అలా నడిస్తే ట్వీటర్లకే ముప్పు. పెద్ద ఆంప్లిఫయరు అద్దెకు తెచ్చుకోవచ్చు. అది వద్దనుకుంటే రెండేసి స్పీకర్లను వరసలో కలపండి, ఆ రెండు జతలనూ సమాంతరంగా కలపండి, మళ్ళీ 8 ఓములే వస్తుంది. సౌండు కాస్త తగ్గుతుంది, తాతలనాటి గోడలున్న ఆ చిన్న హాలుకి అది చాలు. ఇంకొక్క మాట, వైర్లు బిగించే అబ్బాయికి తప్పక చెప్పండి. ఈ చిన్న పెట్టెల్లో చాలావాటికి స్పీకరు మైనస్ కూడా బ్రిడ్జి అవుట్‌పుట్టే, పాత మైకుసెట్టులో లాగా రెండు వైపుల మైనస్‌లనూ ఒకచోట ముడి వేయకూడదు, ఎర్తుకి తగిలించకూడదు.