బీరును తేర్చిన చేపతిత్తి

పులిసిన బీరును కదపకుండా ఉంచితే కొన్ని వారాల్లో దానంతట అదే తేరుకుంటుంది. చిక్కంతా పీపాను కదిపినప్పుడే. ఇంగ్లండులో బీరు కాచే చోటు ఒకటి, తాగే చోటు మరొకటి. బండి కుదుపులకు అడుగున పేరుకున్న ఈస్టు పైకి లేచి బీరంతా కలకబారేది. పబ్బు నేలమాళిగలో దించాక అది ఒకటి రెండు రోజుల్లో మళ్లీ తేటపడాలి. ఆ పని చేసిపెట్టింది చేప గాలితిత్తి.

ఎండబెట్టిన ఆ తిత్తినే ఐసింగ్లాస్ అంటారు. 18వ శతాబ్దంలో లండనుకు రష్యా స్టర్జన్ చేపల తిత్తులు వచ్చేవి. అట్టముక్కలా బిరుసుగా ఉండే తిత్తిని సన్నగా చీల్చి పుల్లబడ్డ బీరులో రోజుల తరబడి నానబెడితే, ఉబ్బి, కరిగి చిక్కటి గంజిలా తయారవుతుంది. దాన్ని పీపాలో పోసి దొర్లిస్తారు. తిత్తిలోని కొల్లాజెన్‌ది ధనావేశం, ఈస్టు కణాలది రుణావేశం. రెండూ పెనవేసుకుని ముద్దలు కట్టి అడుగుకు దిగుతాయి. మన పల్లెల్లో చిల్లగింజ అరగదీసి బురదనీళ్లు తేర్చుకున్నది ఇలాంటి అవసరానికే. పీపా మళ్లీ కదిలినా ఐసింగ్లాస్ కొన్నిసార్ల వరకు మడ్డిని తిరిగి దించగలదు. దాని అసలు విలువ ఇదే. వేడి మాత్రం దానికి పడదు. వెచ్చబడితే కొల్లాజెన్ చెదిరి ఆ పట్టు పోతుంది.

రష్యా సరుకు పౌను 25 షిల్లింగులు పలికేది. ఆవిరి యంత్రాల ఇంజినీరు విలియం మర్డాక్ 1795లో ఎండిన కాడ్ చేపతో చేసిన బదులు సరుకు ఒక్క షిల్లింగుకే వచ్చింది. దాన్ని వాడుకునే హక్కుకు లండన్ బీరు తయారీదారులు 2,000 పౌండ్లు చెల్లించారు. తర్వాత చూపు మన తీరాల మీద కూడా పడింది. భారత తీరంలో ఐసింగ్లాస్ ఉత్పత్తిపై జాన్ ఫోర్బ్స్ రాయిల్ 1842లో ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. నేటికీ గోదావరి తీరంలో కచిడి చేప వలలో పడితే పండగే. ఆ చేప ధరలో పెద్ద వాటా లోపలి తిత్తిదే.

తగరపు చెంబులో తాగినంతకాలం కలక కంటికి ఆనేది కాదు. 1845లో బ్రిటన్ గాజు మీద సుంకం ఎత్తేశాక గాజు గ్లాసులు చవకయ్యాయి, మడ్డి బయటపడింది. 1878లో జర్మనీలో లోరెంజ్ ఎంజింగర్ బీరు వడపోత యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. వడకట్టిన బీరు లోహపు కెగ్గుల్లో ఎంత దూరమైనా తేటగానే వెళ్లగలిగింది. గాలితిత్తి పీపా బీరుకే పరిమితమవుతూ వచ్చింది. ఐసింగ్లాస్ మానేస్తామని గిన్నెస్ 2015లో ప్రకటించింది.

ఇంట్లో బీరు కాచుకోవడానికి బ్రిటన్ 1963లో లైసెన్సు తీసేసింది. అమెరికాలో 1979 నుంచి అది చట్టబద్ధమైంది. వంటింట్లో వడపోత యంత్రం ఉండదు కాబట్టి పాత ఉపాయమే తిరిగొచ్చింది. బీరును ఫ్రిజ్‌లో బాగా చల్లబరిచి, తిత్తి బదులు వేడినీళ్లలో కరిగించిన జెలటిన్ పోసి, రెండు మూడు రోజులు ముట్టుకోరు. మడ్డి అడుగున గట్టిపడ్డాక పైతేటను గొట్టంతో మరో కెగ్గులోకి దించుతారు. వేరే ఊరికి మోసుకెళ్లేది ఆ రెండో కెగ్గునే.