జన్మకొక్కసారి తిరువయ్యారు: రసికుల యాత్రాకాంక్షకు వెనుక ఉన్న చరిత్ర

కర్ణాటక సంగీతాన్ని శ్రద్ధగా వినేవారిలో చాలామందికి, జీవితంలో ఒక్కసారైనా తీర్చుకోవాలనుకునే కోరికల పట్టిక ఒకటి ఉంటుంది. కొందరు దానిని కాగితం మీద రాసుకొని ఏటా ఒకటి రెండు పూర్తి చేసుకుంటూ వస్తారు, మరికొందరు మనసులోనే దాచుకొని ఉద్యోగ విరమణ దాకా ఎదురుచూస్తారు. ధనుర్మాసంలో చెన్నపట్నం సభల్లో పొద్దున్నుంచి రాత్రి దాకా కచ్చేరీలు వినడం, సంగీత త్రిమూర్తులు జన్మించిన తిరువారూరును దర్శించడం, క్షేత్రయ్య స్వస్థలమైన మొవ్వను, అన్నమయ్య సంకీర్తనలు రాగిరేకుల మీద శతాబ్దాల పాటు భద్రపడిన తిరుమలను, 1919లో ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడుగా ఆరంభమైన విజయనగరం సంగీత కళాశాలను చూడడం తెలుగు రసికుల పట్టికల్లో తరచు కనిపించే కోరికలు. రసికుడంటే ఇక్కడ పాడడం వృత్తి కాకపోయినా వినడంలో ఏళ్ల తరబడి సాధన చేసిన శ్రోత అని అర్థం. ఈ పట్టికల్లో తక్కిన ఊళ్లు వ్యక్తుల అభిరుచిని బట్టి మారుతున్నా, పుష్య బహుళ పంచమి నాడు తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి ముందు కూర్చొని పంచరత్న కీర్తనలు వినాలనే కోరిక మాత్రం ఇంచుమించు అందరి పట్టికల్లోనూ మొదటి వరుసలోనే ఉంటుంది.

ఈ ఆచారం త్యాగరాజు నాటి నుంచే అవిచ్ఛిన్నంగా సాగుతున్నదన్న భావన శ్రోతల్లో సహజంగా ఏర్పడినప్పటికీ, చరిత్రను పరిశీలిస్తే ఇది ఇరవయ్యో శతాబ్దపు తొలి నలభై ఏళ్లలో, శిష్యుల భక్తి, గాయకుల మధ్య తగవులు, ఒక దేవదాసి త్యాగం, రైలు, అచ్చుయంత్రం, రేడియో కలిసి రూపొందించిన వ్యవస్థ అని తేలుతుంది. జన్మానికో శివరాత్రి అన్నట్టు ఆ పందిట్లో కూర్చొని వచ్చే నేటి రసికుడి కోరిక వ్యక్తిగతమైనదే కావచ్చు గాని, ఆ కోరిక తీరే వీలును కల్పించినవారు వేరే ఉన్నారు. వారి కథ తెలియకుండా ఆ యాత్ర సంపూర్ణం కాదు.

తంజావూరుకు సుమారు 13 కిలోమీటర్ల దూరంలో కావేరీ తీరాన ఉన్న తిరువయ్యారును సంస్కృత తెలుగు గ్రంథాలు పంచనదక్షేత్రమని వ్యవహరిస్తాయి. తంజావూరును ఏలిన నాయకరాజులు, వారి తరువాతి మరాఠా రాజులు తెలుగు సాహిత్య సంగీతాలను ఆదరించడంతో ఎన్నో తెలుగు కుటుంబాలు కావేరీ మండలంలో స్థిరపడ్డాయి. అటువంటి కుటుంబాల్లో ఒకటైన కాకర్ల వారింట 1767లో తిరువారూరులో త్యాగరాజు జన్మించి, తిరువయ్యారులో శొంఠి వేంకటరమణయ్య వద్ద సంగీతం అభ్యసించి, జీవితంలో అధికభాగం అక్కడే గడిపాడు. ఆస్థాన పోషణను ఆశ్రయించక, ఉంఛవృత్తితో, అంటే భగవన్నామం పాడుతూ వీధుల వెంట నడిచి గృహస్థులు ఇచ్చిన బియ్యంతో జీవించే పద్ధతిలో, ఆయన సంసారం సాగించాడు. ఆయన స్వయంగా యాత్రికుడు కూడా. కాంచీపురం, తిరుపతి, తిరువొత్తియూరు, కోవూరు, లాల్గుడి, శ్రీరంగం మొదలైన క్షేత్రాలను దర్శించి, వెళ్లిన చోటనల్లా అక్కడి దైవం మీద కీర్తనలు కట్టడం వల్ల కోవూరు పంచరత్నాలు, లాల్గుడి పంచరత్నాలు, శ్రీరంగ పంచరత్నాలు వంటి క్షేత్రకీర్తనల గుచ్ఛాలు ఏర్పడ్డాయి. రసికుడు తన పట్టికలో ఊళ్లను చేర్చుకునే అలవాటుకు మూలపురుషుడు ఒక విధంగా ఆయనే.

1847 జనవరి 6న, పుష్య బహుళ పంచమి నాడు, త్యాగరాజు సిద్ధిపొందాడు. తిరువయ్యారు యాత్రాస్థలం కావడానికి అతిముఖ్యమైన కారణం ఆయన చివరి రోజుల్లో సన్యాసం స్వీకరించడమే. గృహస్థుడి భౌతికకాయాన్ని దహనం చేస్తారు కనుక గుర్తుగా చూడదగిన స్థలమేదీ మిగలదు. సన్యాసిని మాత్రం ఖననం చేసి, ఆ చోట బృందావనం కట్టి, ఏటా ఆ తిథినాడు శ్రాద్ధానికి బదులు ఆరాధన అనే పూజావిధిని జరుపుతారు. ఈ సంప్రదాయం మూలంగానే కావేరీ ఒడ్డున ఒక చిన్న సమాధి నిలిచింది. అయితే కుమార్తె ద్వారా కలిగిన మనుమడు సంతానం లేకుండానే మరణించడంతో ఆయన వంశం అక్కడితో ఆగిపోయింది, సమాధిని కనిపెట్టుకొని ఉండే వారసులు లేకపోయారు. శిష్యులు మాత్రం మూడు ముఖ్య శాఖలుగా, అంటే వాలాజాపేట, ఉమయాళ్‌పురం, తిల్లైస్థానం పరంపరలుగా విస్తరించి, గురువు తిథిని ఎవరి ఊళ్లో వారు ఇళ్లల్లోనే జరుపుకునేవారు. వాలాజాపేట వేంకటరమణ భాగవతార్, ఆయన కుమారుడు కృష్ణస్వామి భాగవతార్ రాసి ఉంచిన ప్రతులు నేటికీ మధురైలోని సౌరాష్ట్ర సభలో ఉన్నాయి. ఆ విధంగా యాభై ఏళ్లకు పైగా పాట శిష్యుల గొంతుల్లో, తాళపత్రాల్లో, కాగితపు ప్రతుల్లో భద్రంగా సాగుతూ రాగా, సమాధి మాత్రం పొదల మధ్య శిథిలమవుతూ వచ్చింది.

ఈ స్థితి మారడం 1903లో ఆరంభమైంది. ఉమయాళ్‌పురం కృష్ణ భాగవతార్, సుందర భాగవతార్ వృద్ధాప్యంలో తిరువయ్యారు వచ్చి, గురుసమాధి దుస్థితి చూసి, దానిని బాగుచేయించి శిలాఫలకం వేయించారు. కొద్ది ఏళ్లకు, 1908 ప్రాంతంలో, తిల్లైస్థానం పరంపరకు చెందిన నరసింహ భాగవతార్, పంజు భాగవతార్ సోదరుల పూనికతో అక్కడే ఆరాధనను సామూహికంగా జరిపే పద్ధతి మొదలైంది. నరసింహ భాగవతార్ 1908లో త్యాగరాజ కీర్తనలను అచ్చువేయించడం, 1860ల్లోనే తంజావూరుకు రైలుమార్గం ఏర్పడి ఉండడం ఈ పరిణామానికి ఎంతగానో తోడ్పడ్డాయి. పుస్తకం కృతులను పరంపరల గడప దాటించగా, రైలు దూరప్రాంతాల విద్వాంసులను తంజావూరు దాకా చేర్చింది.

ఆరాధన పెరిగినకొద్దీ పెత్తనం విషయంలో కలహాలూ పెరిగాయి. నిర్వాహకులు రెండు పక్షాలుగా చీలి, పెరియ కట్చి, చిన్న కట్చి అనే పేర్లతో, అంటే పెద్ద పక్షం, చిన్న పక్షంగా, వేర్వేరు ఉత్సవాలు జరపసాగారు. ప్రసిద్ధ వాయులీన విద్వాంసుడు మలైకోట్టై గోవిందస్వామి పిళ్లై వంటి వారి నాయకత్వంలో పెద్ద పక్షం ఉత్సవం సాగింది. ఈ రెండు పక్షాలకూ ఎన్ని విషయాల్లో పడకపోయినా, సమాధి ఎదుట స్త్రీలు పాడకూడదన్న విషయంలో మాత్రం భేదాభిప్రాయం లేదు.

ఈ కట్టడిని ఛేదించిన వ్యక్తి బెంగళూరు నాగరత్నమ్మ. 1878లో మైసూరు ప్రాంతపు నంజనగూడులో దేవదాసి కుటుంబంలో జన్మించి, మద్రాసులో గాయనిగా గొప్ప పేరూ సంపదా గడించిన ఆమె తెలుగు, సంస్కృతాల్లో పండితురాలు. ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనాన్ని 1910లో సంపూర్ణంగా ప్రచురింపజేసి, ఆ పుస్తకం మీద ప్రభుత్వ నిషేధాన్ని ఎదుర్కొన్న ధీశాలి కూడా ఆమే. సమాధి మళ్లీ శిథిలావస్థలో ఉందన్న సంగతి 1921లో తన గురువు బిడారం కృష్ణప్ప ద్వారా తెలిసినప్పుడు, ఆమె ఆ స్థలాన్ని సంపాదించి, నగలు, ఆస్తులు అమ్మి, సమాధి మీద గుడి కట్టించే పనికి పూనుకున్నది. అదే ఏడాది అక్టోబరులో శంకుస్థాపన జరిగింది, 1926 జనవరిలో కుంభాభిషేకం, అంటే కలశజలాలతో ఆలయాన్ని ప్రతిష్ఠించే క్రతువు, జరిగింది. ఇప్పుడు యాత్రికులు చూసే గర్భగుడి, అందులోని త్యాగరాజ విగ్రహం ఆమె ధనంతో, ఆమె సంకల్పంతో ఏర్పడ్డవే.

అయినా తాను కట్టించిన గుడి ముందు పాడే హక్కు ఆమెకే లేకపోయింది. దానికి ఆమె ఇచ్చిన సమాధానం చరిత్రలో నిలిచిపోదగినది. 1927లో గుడి వెనుకభాగాన స్త్రీల ఆరాధనను వేరుగా ఆరంభించింది. ముందు వైపు పురుషుల కచ్చేరీలు జరుగుతుండగా వెనుక వైపు దేవదాసి గాయనులు పాడారు, హరికథలు చెప్పారు. ఆ విధంగా మూడవ పక్షం, స్త్రీల పక్షం, ఏర్పడింది. పన్నెండు పదమూడేళ్లు ఇలా సాగిన తరువాత, ఎస్.వై. కృష్ణస్వామి అనే ఐ.సి.ఎస్. అధికారి, ముసిరి సుబ్రహ్మణ్య అయ్యర్ మొదలైన విద్వాంసుల మధ్యవర్తిత్వంతో 1940-41 నాటికి మూడు పక్షాలూ ఏకమై, త్యాగబ్రహ్మ మహోత్సవ సభ పేరిట ఒకే ఆరాధన జరగడం మొదలైంది. అప్పటి నుంచి స్త్రీలకు ఆ వేదిక మీద స్థానం లభించింది. తన అనంతరం కూడా ఆ ప్రాంగణంలో స్త్రీలకు పూజించే హక్కు, పాడే హక్కు ఉండాలని నాగరత్నమ్మ తన ఆస్తి ఏర్పాట్లలో రాసి ఉంచింది. 1952లో కన్నుమూసిన ఆమె సమాధి కూడా అక్కడే, తాను కొలిచిన వాగ్గేయకారుడికి అభిముఖంగా ఉంది.

ఆరాధనకు పరాకాష్ఠగా నేడు అందరూ భావించే పంచరత్న బృందగానం కూడా ఈ ఐక్యత ఫలితమే. అంతకు పూర్వం విద్వాంసులు తమతమ కచ్చేరీలు విడివిడిగా సమర్పించేవారు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ అనే అయిదు ఘనరాగాల్లో, అంటే వీణమీద తానం వాయించడానికి ప్రసిద్ధమైన గంభీర రాగాల్లో, త్యాగరాజు రచించిన ఈ అయిదు కృతులూ ఎనిమిది అక్షరాల ఆదితాళంలోనే ఉన్నాయి. నాటరాగ కృతి సంస్కృతంలోనూ, తక్కిన నాలుగూ తెలుగులోనూ సాగుతాయి. పల్లవి, అనుపల్లవుల తరువాత వచ్చే ఒక్కొక్క చరణాన్నీ మొదట స్వరాలుగా పాడి, వెంటనే అదే ధాతువులో, అంటే అదే స్వరనడకలో, సాహిత్యాన్ని పాడతారు. ఈ నిర్మాణం మూలంగా ఇవి వందలమంది కలిసి పాడడానికి ఎంతో అనువైనవి. ఇతర కృతుల్లో సంగతులు, అంటే ఒకే పంక్తిని అంచెలంచెలుగా పెంచే స్వరవిన్యాసాలు, పరంపరను బట్టి మారుతాయి. ఇక్కడ స్వరమే ముందుగా నిర్దేశితమై ఉంటుంది కనుక మనోధర్మానికి, అంటే గాయకుడి స్వేచ్ఛాకల్పనకు, చోటు తక్కువ. అప్పటికీ పాఠాంతర భేదాలు, అంటే ఒక్కొక్క పరంపర పాడే తీరులోని తేడాలు, పూర్తిగా లేకపోలేదు. వాటిని సర్దుకొని ఒకే గొంతుగా పాడడం ఆనాటి విద్వాంసులు ఒకరికొకరు ఇచ్చుకున్న మన్నన. వరాళి రాగాన్ని గురువు నేరుగా నేర్పితే గురుశిష్యుల మధ్య అరమరికలు వస్తాయన్న నమ్మకం వల్ల నాలుగవ కృతిని కొందరు వినికిడి ద్వారానే అలవరచుకుంటారు.

ఆరాధన నాటి కార్యక్రమం కూడా ఈ చరిత్రనంతా తనలో ఇముడ్చుకున్నది. ఉదయం త్యాగరాజు నివసించిన తిరుమంజన వీధిలోని ఇంటి నుంచి ఉంఛవృత్తి ఊరేగింపు కీర్తనలతో సమాధిని చేరుతుంది. పందిట్లో గాయకులు, వాద్యకారులు రెండు వైపులా ఎదురెదురు వరుసల్లో కూర్చుంటారు. వేణువు మీద భైరవి రాగ కీర్తన వినిపించిన తరువాత నాటరాగ కృతి అందుకుంటారు. పాట సాగుతున్నంతసేపూ లోపల విగ్రహానికి అభిషేకం జరుగుతూ ఉంటుంది, శ్రీరాగ కృతితో గానమూ పూజా ముగింపుకు వస్తాయి. పాడేవారిలో అధికసంఖ్యాకుల మాతృభాష తమిళమైనా, ఆ గంటసేపు కావేరీ తీరమంతా తెలుగు పలుకుతుంది. తెలుగు రసికుడి మనసును ఆ ఊరివైపు లాగే ఆకర్షణల్లో ఇది ముఖ్యమైనది.

వెళ్లలేనివారి దగ్గరకు ఆరాధనే తరలివచ్చింది. ఆకాశవాణి, ఆ తరువాత దూరదర్శన్ పంచరత్నగానాన్ని ప్రత్యక్ష ప్రసారం చేయడం, 1946లో చిత్తూరు నాగయ్య స్వీయ దర్శకత్వంలో నటించిన త్యాగయ్య చలనచిత్రం ఊరూరా ఆడడం వల్ల సంగీతజ్ఞానం లేని ఇళ్లలో కూడా ఆ పేరు భక్తితో వినిపించింది. తెలుగునాట ఆరాధనోత్సవాలకు శిష్యపరంపర బలం కూడా ఉంది. త్యాగరాజు శిష్యుడు మానాంబుచావడి వేంకటసుబ్బయ్య వద్ద సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, ఆయన వద్ద పారుపల్లి రామకృష్ణయ్య పంతులు నేర్చుకున్నారు. పంతులుగారి శిష్యుడైన మంగళంపల్లి బాలమురళీకృష్ణ ఎనిమిదేళ్ల ప్రాయంలో తొలి పూర్తి కచ్చేరీ చేసింది విజయవాడ త్యాగరాజ ఆరాధనలోనే. 1978లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రపు క్లీవ్‌లాండ్‌లో ఆరంభమైన త్యాగరాజ ఉత్సవం, భారతదేశం వెలుపల జరిగే కర్ణాటక సంగీతోత్సవాల్లో అగ్రస్థానానికి ఎదిగి, ప్రవాసాంధ్రుల పట్టికల్లోనూ చేరింది.

ఈ చరిత్ర రసికుడి పట్టికకు కొత్త అర్థాన్నిస్తుంది. ఒక ఊరిని చూసి వచ్చి ఆ పేరుకు ఎదురుగా గీత గీసుకోవడంతో కోరిక తీరవచ్చు గాని, బాధ్యత తీరదు. ఆ పందిట్లో నేడు ఏ కులంలో పుట్టినవారైనా, స్త్రీలైనా పురుషులైనా కూర్చొని గొంతు కలపగలుగుతున్నారంటే, శిథిలమైన సమాధిని బాగుచేయించిన వృద్ధ శిష్యులు, కీర్తనలను అచ్చుకెక్కించిన భాగవతార్లు, సర్వస్వం ధారపోసి గుడి కట్టించి దాని వెనుక నిలబడి పాడిన నాగరత్నమ్మ, పంతాలు విడిచి ఒక్కటైన విద్వాంసులు అందుకు కారకులు. తిరువయ్యారు వెళ్లదలచిన రసికుడు ముందుగా ఆ అయిదు కృతులను అర్థంతో సహా నేర్చుకోవడం, అక్కడికి చేరినప్పుడు నాగరత్నమ్మ సమాధికి కూడా మొక్కడం, తిరిగి వచ్చాక తన ఊరి ఆరాధనలో కొత్తవారికి, పిల్లలకు, పాట రానివారికి చోటు ఇవ్వడం ఆ ఋణాన్ని కొంతైనా తీర్చే మార్గాలు. వారసులు లేని ఒక వాగ్గేయకారుడికి లక్షలమంది వారసులు ఏర్పడింది, పరంపరల గడపలను ఒక్కొక్క తరం కొంత కొంతగా తెరుస్తూ రావడం వల్లనే.