వారంలో తీర్పు, ఏడాది ఆట

2001 ఏప్రిల్ 14న జపాన్‌లో నింటెండో 64 కన్సోల్ కోసం ఒక కొత్త ఆట వచ్చింది. అప్పటికే ఆ కన్సోల్‌కు రోజులు దగ్గరపడ్డాయి. ఆ సెప్టెంబరులోనే దాని వారసుడు గేమ్‌క్యూబ్ దుకాణాల్లోకి రాబోతోంది. ఆట పేరు 'దోబుత్సు నో మొరి', అంటే జంతువుల అడవి. తర్వాత ప్రపంచమంతా దాన్ని 'యానిమల్ క్రాసింగ్' అని పిలిచింది. క్యాట్రిడ్జ్ లోపల ఒక గడియారం అమర్చారు. కన్సోల్ కట్టేసినా అది నడుస్తూనే ఉంటుంది. బయట రాత్రయితే ఆటలోనూ రాత్రే. బయట డిసెంబరైతే అక్కడా మంచు. కొన్నాళ్ళు అటు తొంగిచూడకపోతే ఊరంతా కలుపు మొలుస్తుంది, ఇరుగుపొరుగు జంతువులు ఇన్నాళ్ళూ ఏమైపోయావని నిలదీస్తాయి.

గెలుపు లేదు, ఓటమి లేదు, చంపాల్సిన శత్రువు లేడు. చేపలు పట్టడం, పళ్ళు రాల్చడం, శిలాజాలు తవ్వి మ్యూజియంలో గుడ్లగూబ చేతికివ్వడం, పక్కింటి కప్పకు ఉత్తరం రాయడం, ఇంతే. టామ్ నూక్ అనే దుకాణదారు ముందే ఇల్లు కట్టించి ఇచ్చి అప్పు నెత్తిన పెడతాడు. ఇరవై ఏళ్ళుగా ఆటగాళ్ళు అతన్ని లోభి అని ఆడిపోసుకుంటున్నారు గానీ, నాకది అన్యాయమనిపిస్తుంది. వడ్డీ లేదు, గడువు లేదు, గుమ్మం ముందు నిలబడి అరిచే మనిషీ లేడు. అలాంటి అప్పు ఏ ఊళ్ళో పుడుతుంది?

దీని రూపకర్తల్లో ముఖ్యుడు కత్సుయా ఎగుచి. చిబా ప్రాంతాన్ని వదిలి నింటెండోలో ఉద్యోగం కోసం క్యోటో వచ్చాక, అయినవాళ్ళు దగ్గర లేని లోటు అతనికి తెలిసొచ్చింది. పని ముగించుకుని పొద్దుపోయి ఇంటికి చేరడం మరో బాధ. ఒకే ఇంట్లోవాళ్ళు వేర్వేరు వేళల్లో ఆడినా ఒకే ఊళ్ళో కలిసి బతికినట్టుండాలన్నది అతని ఆలోచన. పగలు పిల్లలు ఊళ్ళో వదిలిన ఉత్తరం రాత్రి తండ్రికి అందాలి. అందుకే ఒక ఊళ్ళో నలుగురికి ఇళ్ళు ఉంటాయి, ఆడేది మాత్రం ఒక్కొక్కరే.

2002 సెప్టెంబరులో గేమ్‌క్యూబ్ ఆటగా ఇది అమెరికా చేరినప్పుడు అక్కడి సమీక్షకులకు చిక్కొచ్చిపడింది. ఆటలో ఏం చేయాలి అని పాఠకుడు అడిగితే చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. బొమ్మలు పాతకాలం నాటివని, నింటెండో 64 వాసన ఇంకా పోలేదని దాదాపు అందరూ రాశారు. ఇద్దరు ఒకేసారి ఆడలేకపోవడాన్నీ తప్పుపట్టారు. అయినా రోజూ ఆ ఊళ్ళోకి వెళ్ళకుండా ఉండలేకపోతున్నామనీ వాళ్ళే రాశారు. పత్రికల మార్కులన్నీ కలిపి సగటు లెక్కగట్టే మెటాక్రిటిక్‌లో 100కి 87 వచ్చాయి. అమెరికా శాఖ చేసిన అనువాదంలో కొత్త పండగలు, కొత్త వస్తువులు చేరాయి. అది జపాన్‌లోని మాతృసంస్థకు ఎంత నచ్చిందంటే, ఆ చేర్పులను తిరిగి జపనీస్‌లోకి తెచ్చుకుని 2003లో మరో ప్రతిగా అమ్మింది. ఏ పత్రిక మార్కు కన్నా పెద్ద మెప్పు అదే.

ఆటలో నాకు బాగా నచ్చిన విమర్శకుడు మాత్రం ఒక బొంగురు గొంతు కోపిష్టి ముసలాడు, రెసెట్టి. అతనో చుంచుజాతి జీవి. సేవ్ చేయకుండా కన్సోల్ ఆపేస్తే, మళ్ళీ ఆన్ చేయగానే ఇంటి ముందు నేల చీల్చుకుని పైకొస్తాడు. హెల్మెట్ సర్దుకుని, జరిగిందాన్ని చెరిపేద్దామనుకున్నావా అంటూ పేజీలకు పేజీలు చీవాట్లు పెడతాడు. బటన్ ఎంత నొక్కినా ప్రసంగం తెగదు. మళ్ళీ అదే పని చేస్తే మోతాదు పెరుగుతుంది. అతని ధాటికి కొందరు పిల్లలు ఏడ్చారని విని, 2012 నాటి ఆటలో అతన్ని ఊళ్ళో ఉంచుకోవాలో వద్దో తేల్చుకునే వీలు ఆటగాళ్ళకే ఇచ్చారు. తర్వాత ఆట దానంతటదే సేవ్ అవుతుండటంతో ముసలాడి పాత కొలువే పోయింది.

2005లో డీఎస్ అనే చేతికన్సోల్ మీద 'వైల్డ్ వరల్డ్' వచ్చి, ఇంటర్నెట్ ద్వారా ఒకరి ఊరికి మరొకరు వెళ్ళే వీలు కల్పించింది. ఆదరణకు లోటు రాలేదు. దెబ్బ 2008లో పడింది. వీ కన్సోల్ కోసం చేసిన 'సిటీ ఫోక్'కు మెటాక్రిటిక్‌లో 73 దక్కాయి. అవే చేపలు, అవే మాటలు, అదే దుకాణం, కొత్తగా ఓ చిన్న పట్నం తప్ప ఏముందని విమర్శకులు విసుక్కున్నారు. వాళ్ళది అబద్ధం కాదు. కాకపోతే ఆ విసుగు ఆరేళ్ళుగా ఆ ఊళ్ళోనే కాపురమున్నవాళ్ళది. ఆ ఏడాదే మొదటిసారి రిమోట్ పట్టుకున్న పిల్లకు అది పాత ఊరెలా అవుతుంది? 2012లో అయా క్యోగోకు, ఇసావో మోరో దర్శకత్వంలో వచ్చిన 'న్యూ లీఫ్' ఆటగాడిని ఏకంగా ఊరి మేయర్‌ని చేసింది. మార్కులు 88కి ఎగబాకాయి.

2020 మార్చి 20న స్విచ్ కన్సోల్ కోసం, ఊరి బదులు దీవిలో సాగే 'న్యూ హొరైజన్స్' విడుదలైంది. దానికి నాలుగు రోజుల ముందే రివ్యూలు బయటికొచ్చాయి. జపాన్ పత్రిక ఫమిత్సులో నలుగురు సమీక్షకులు కలిసి 40కి 38 ఇచ్చారు. మెటాక్రిటిక్ సగటు 90. ముందుగా అందిన ప్రతితో కొద్దిరోజులు ఆడి రాసిన రివ్యూలవి. ఆ రోజుల్లో వాళ్ళు టర్నిప్ దుంపల బేరం ఒకటో రెండో వారాలు చూసి ఉంటారు. ఆదివారం ఉదయం కొన్న దుంపలను శనివారం రాత్రిలోగా అమ్మకపోతే కుళ్ళిపోతాయి. ఏప్రిల్ తొలి వారంలో పూసే చెర్రీలు గానీ, ఎండాకాలం రాత్రుళ్ళు చెట్ల మీద వాలే ఖరీదైన పురుగులు గానీ వాళ్ళ కంటబడే వీల్లేదు. గడియారం ముందుకు తిప్పుకోవచ్చు గానీ, పండగలు చాలావాటిని నింటెండో తర్వాత అప్‌డేట్లలో పంపింది. ఉగాదినాడు అద్దెకు దిగి, వారం తిరక్కుండానే ఆ వీధి మంచిచెడ్డలు తేల్చేయడం లాంటి పని అది.

తీరా ఆట చేతికొచ్చేసరికి లోకమే మారిపోయింది. మన దగ్గర మార్చి 22న జనతా కర్ఫ్యూ, మూడు రోజులకే లాక్‌డౌన్. స్విచ్‌ను నింటెండో ఇక్కడ అధికారికంగా అమ్మలేదు కాబట్టి దిగుమతి సరుకు కొన్నవాళ్ళకో, విదేశాల్లో ఉన్న చుట్టాలు తెచ్చిపెట్టినవాళ్ళకో తప్ప ఆ దీవి అందలేదు. మార్చి 31 నాటికే, అంటే 12 రోజుల్లో, ప్రపంచవ్యాప్తంగా 1 కోటి 17 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి.

అదే సమయంలో మామూలు ఆటగాళ్ళు మెటాక్రిటిక్‌లో సున్నాలు కుమ్మరించారు. ఒక కన్సోల్‌కు ఒకే దీవి అన్న నియమం వాళ్ళకు ఒళ్ళు మండించింది. అన్న మొదట మొదలుపెడితే దీవి అన్నదే. చెల్లెలికి అక్కడ ఇల్లు దొరుకుతుంది గానీ, వంతెన ఎక్కడ కట్టాలో, ఏ దుకాణం ఎప్పుడు రావాలో నిర్ణయించే అధికారం ఉండదు. తనకంటూ దీవి కావాలంటే మరో స్విచ్ కొనాలి. ఒంటరిగా ఆడి రాసే వృత్తి సమీక్షకుల్లో చాలామందికి ఆ ఇబ్బంది తగల్లేదు. ఇంటిల్లిపాదీ పంచుకోవాలన్న ఎగుచి తొలి కోరిక దృష్ట్యా చూస్తే, ఆ సున్నాల వెనక న్యాయం ఉందనే అంటాను, వాటి తీరు మొరటుదే అయినా. ఆ వేసవిలో మరో ఆట మీదా ఇలాంటి దాడే జరిగాక, విడుదలైన 36 గంటల వరకూ ఆటగాళ్ళ మార్కులు తీసుకోకూడదని మెటాక్రిటిక్ జులైలో నియమం పెట్టింది.

ఏప్రిల్‌లో గుడ్ల పండగ వచ్చింది. చేపకు గాలం వేస్తే గుడ్డు, చెట్టు ఊపితే గుడ్డు, బండ కొడితే గుడ్డు. జనం గగ్గోలు పెడితే నింటెండో వాటి రాకను తగ్గించింది. మ్యూజియంలో పావురం నడిపే కాఫీ హోటల్ ఏదీ అని పాత అభిమానులు మొదటి రోజు నుంచీ అడుగుతూనే ఉన్నారు. అది 2021 నవంబరులో, పెద్ద ఉచిత అప్‌డేట్లలో ఇదే ఆఖరిదన్న అప్పటి ప్రకటనతో పాటు చేరింది. మెటాక్రిటిక్ మాత్రం ఏ పత్రికదైనా మొదట ఇచ్చిన మార్కునే లెక్కలోకి తీసుకుంటుంది, తర్వాత దిద్దుకున్నా పట్టించుకోదు. హోటల్ లేని మార్చి నాటి దీవికి పడిన 90 మార్కులే ఇప్పటికీ దాని పేరున ఉన్నాయి.