‘ఎవిక్టు’ అను క్రియ

ఆంగ్లమునందలి ‘ఎవిక్టు’ అను క్రియకు తెలుగేమని తరగతిలో నొక బాలుడు నన్నడిగెను. ‘వెళ్లగొట్టుట’ యని చెప్పితిని. చెప్పిన పిమ్మట నది చాలదని తోచినది. చేలో బడిన పశువును వెళ్లగొట్టుదుము. ఆ మాటలో బల మొక్కటియే కలదు, విచారణ లేదు.

ఆంగ్లపదము లాటినునుండి వచ్చినది. దాని మూలధాతువునకు జయించుట యని యర్థము. రోమకుల ధర్మశాస్త్రమున, నిజమైన హక్కుదారుడు వ్యాజ్యమున గెలిచి, కొన్నవానినుండి వస్తువును తీసికొనుటకు ఈ ధాతువునుండి పుట్టిన పదమునే వాడిరి. అనగా తీర్పు ముందు, తొలగింపు తరువాత. మన కచ్చేరీల ‘బేదఖలు’ పారసీకము. స్వాధీనము తప్పించుట యని దాని భావము. సంస్కృతమున ‘ఉద్వాసన’ కలదు. పూజ ముగిసిన పిమ్మట దేవతకు ఉద్వాసన చెప్పుదుము. నమస్కరించి, మరల రమ్మని సాగనంపుదుము. మన చేలు దున్నినవానికి ఆ మర్యాదలో నెంత దక్కినది?

1908వ సంవత్సరపు మద్రాసు ఎస్టేటు భూముల చట్టము, తాను చెప్పిన విధమున గాక జమీందారు రైతును తొలగింపరాదని శాసించెను. అది ఎస్టేటులకే చెల్లినది. రైత్వారీ పట్టాదారునికడ కౌలునకు దున్నువాని కా రక్షణ లేదు. 1847 మొదలు 1852 వరకు కట్టిన ధవళేశ్వరపు ఆనకట్టయు, ఆ పిమ్మట వైనతేయముపై కట్టిన గన్నవరపు కాలువవంతెనయు కోనసీమకు నీరు తెచ్చినవి. నీటితో చేని విలువ పెరిగినది. చేనిపై కౌలుదారుని హక్కు పెరుగలేదు. 1956లో ఆంధ్ర కౌలుదారీ చట్టము వచ్చినగాని, పాట బాకీ పడుట, భూమిని చెరచుట వంటి కారణములను అధికారియెదుట రుజువు చేసి మాత్రమే తొలగింపవలె నను నియమ మేర్పడలేదు. ‘ఎవిక్టు’ అను మాటకు దాని పూర్వార్థము మన చేలలో నప్పుడు కలిగినది.

అయినను చట్టము కాగితము నడుగును. మన కౌలు నోటిమాటపై సాగును. కొబ్బరిమొక్క కాపునకు వచ్చుటకు ఆరేడేండ్లు పట్టును. వచ్చు తొలకరికి చేను తనదగునో కాదో యెరుగనివాడు మొక్కను నాటునా? గట్టుకు మట్టి వేయునా? 2019లో వచ్చిన సాగుదారుల హక్కుల చట్టము యజమాని సమ్మతిపై పదునొకండు మాసముల యొడంబడికను ఏర్పరచినది. గడువు తీరినంత నెవ్వరును ఎవ్వరిని వెళ్లగొట్టనక్కరలేదు. క్రియ పోయినది, ఫలము నిలిచినది.

చదువరులారా, మనలో పెక్కుండ్రకు కౌలునకిచ్చిన చేలు కలవు. వితంతువుల దుఃఖమునకు, అస్పృశ్యతకు మనము కన్నీరు కార్చితిమి, మంచిదే. దున్నువానికి వ్రాతమూలకముగ కౌలు నిచ్చుటకు, మాన్పింపదలచినప్పుడు పంటకాలము ముందే కారణము చెప్పి యతని మాట వినుటకు ఏ చట్టమును అడ్డు రాదు. దేవతకు చూపు మర్యాదను మనుష్యునకు చూపుటకు శాసనమేల?